ముందు డాక్టరు చీటీ, తర్వాతే రాజీనామా

మా అక్క కూతురు ఒక రాత్రి పన్నెండున్నరకు ఫోన్ చేసింది. "పిన్నీ, మెయిల్ పెట్టేశాను. ఇక రేపటి నుంచి వెళ్లను" అంది. ఆ గొంతులో సంతోషం లేదు, కోపమూ లేదు. కస్టమర్ కేర్ ఉద్యోగం, నెలకు 19,000 జీతం. నాలుగు నెలలుగా సరైన నిద్ర లేదు. షిఫ్టు వేళ దగ్గర పడుతుంటే కడుపులో తిప్పేది, హెడ్‌సెట్ తగిలించుకోగానే చేతులు వణికేవి. మర్నాడు నేనే దగ్గరుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆందోళన, డిప్రెషన్ రెండూ ఉన్నాయని, కనీసం ఆరు వారాలు పనికి దూరంగా ఉండాలని ఆయన రాసిచ్చారు. ఆ చీటీ మీది తేదీ రాజీనామా మెయిలు తేదీకి ఒక్క రోజు తర్వాతది.

ఆ ఒక్క రోజు తేడా ఎంత ఖరీదైనదో మాకు రెండు వారాల తర్వాత తెలిసింది. కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐ కార్డు పట్టుకుని జబ్బు కాలపు భృతి అడగడానికి వెళ్తే కౌంటరులో ఉన్నాయన రికార్డు చూసి, "ఉద్యోగంలో లేరుగా అమ్మా, ఇంక సెలవు ఎక్కడిది?" అన్నాడు. కసురుకోలేదు, మర్యాదగానే చెప్పాడు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పని వల్లే జబ్బు పడిన మనిషి, ఆ పని నుంచి బయటపడుతూ, జబ్బు కాలానికి నాలుగు రూపాయలు అడగొచ్చా? చట్టం ఏమంటుంది, ఆఫీసులు ఏమంటాయి, మనసు ఏమంటుంది? అప్పటి నుంచి చదివినవి, అడిగి తెలుసుకున్నవి ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు మనసు సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. "ఎలాగూ మానేసేదానివే, సిక్కు పెట్టి డబ్బు తీసుకోవడం మోసం కాదా?" అని మా అక్కే అడిగింది. రైల్వేలో, గనుల్లో, మిల్లుల్లో "సిక్కు పెట్టాడు" అనే మాటకు మొదటి నుంచీ కొంచెం అనుమానం అంటుకుని ఉంది. పెళ్లికో పొలానికో జ్వరం పేరు చెప్పి వెళ్లినవాళ్లు ఉన్నారు కాబట్టి నిజంగా జబ్బు పడినవాళ్లు కూడా ఆ అనుమానం మోయాల్సి వస్తోంది. కానీ లెక్క చూడండి. ఈఎస్ఐ దానం కాదు, బీమా. 2019 జూలై నుంచి ఉద్యోగి జీతంలో 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం అందులోకి వెళ్తోంది. 18,000 జీతగాడి పేరున నెలనెలా 720 రూపాయలు జమవుతాయి. అందులో 135 అతని జేబులోంచి పోతాయి. ఇంటికి బీమా కట్టినవాడు ఇల్లు అమ్మాలనుకుంటున్నప్పుడు నిప్పంటుకుంటే, "అమ్మేవాడివేగా, నీకెందుకు డబ్బు?" అని ఎవరూ అడగరు. జబ్బు నిజమా కాదా అన్నదొక్కటే ఇక్కడ నైతిక ప్రశ్న. మానేయాలన్న ఆలోచన ఉన్నంత మాత్రాన జబ్బు అబద్ధమైపోదు. పైగా ఇలాంటి జబ్బులో ఆ ఆలోచన రావడం సహజం. జబ్బే లేకుండా చీటీ సృష్టిస్తే అది వేరే సంగతి. ఈఎస్ఐ చట్టం 84వ సెక్షను దానికి ఆరు నెలల దాకా జైలు రాసిపెట్టింది, అది న్యాయమే.

ఇక చట్టం. కార్మికుల ఆరోగ్య బీమా ఎలా ఉండాలో 1944లో బి.పి. అడార్కర్ నివేదిక ఇచ్చారు. 1948లో చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ ఈ పథకాన్ని ప్రారంభించారు. ఇప్పుడిది 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది, ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అయినా కార్మికులూ యూనియన్లూ ఇప్పటికీ పాత సెక్షన్ల సంఖ్యలతోనే మాట్లాడుకుంటారు కాబట్టి నేనూ అవే వాడుతున్నాను.

నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లే ఇందులోకి వస్తారు. వికలాంగులకు ఆ పరిమితి 25,000. జబ్బు చేసి పనికి వెళ్లలేకపోతే సగటు రోజు కూలిలో 70 శాతం ఇస్తారు. వరుసగా వచ్చే రెండు బెనిఫిట్ పీరియడ్లలో, అంటే ఏడాదిలో, 91 రోజులకు మించి ఇవ్వరు. మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. అయితే పాత జబ్బు సెలవు ముగిసిన 15 రోజుల లోపే మళ్లీ పడిపోతే ఆ రెండు రోజుల కోత ఉండదు. 18,000 జీతగాడికి రోజుకు సుమారు 420 రూపాయలు, 91 రోజులూ తీసుకుంటే 38,000 పైచిలుకు. కొత్త పని వెతుక్కునే మూడు నెలల్లో అద్దె, కిరాణా గడవడానికి ఇది చిన్న మొత్తం కాదు.

అర్హత లెక్క కొంచెం తిరకాసుగా ఉంటుంది, కానీ మన ప్రశ్నకు జవాబు అక్కడే దాగి ఉంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక చందా కాలం. దానికి బదులుగా వచ్చే బెనిఫిట్ కాలం ఆ తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా. అక్టోబర్ నుంచి మార్చి దాకా కట్టిన చందాకు జూలై నుంచి డిసెంబర్ దాకా. చందా కాలంలో కనీసం 78 రోజులకు కట్టి ఉంటే దాని బెనిఫిట్ కాలంలో జబ్బుకు భృతి అడగొచ్చు. అంటే ఈ రోజు వచ్చిన జబ్బుకు, ఎప్పుడో నెలల కిందట చేసిన పని తాలూకు చందా హక్కు తెచ్చిపెడుతుంది. చట్టం అడిగేది "అప్పుడు కట్టావా?" అని. "ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నావా?" అన్న మాట ఆ అర్హత సెక్షనులో లేదు. బీమాదారుడి నిర్వచనంలోనే "ఉద్యోగి అయిన లేదా అయి ఉండిన వ్యక్తి" అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. ఆ "అయి ఉండిన" అన్నది రాసినవాళ్లు ఊరికే రాయలేదు. ఉద్యోగం పోయిన నెలలోనే మనిషికి జబ్బు చేసే అవకాశం ఎక్కువని వాళ్లకు తెలుసు.

మరి కౌంటరులో ఆయన అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? జబ్బు నిర్వచనం నుంచి. చట్టం దృష్టిలో జబ్బంటే వైద్యం అవసరమై, వైద్య కారణాలతో పని మానుకోవాల్సిన స్థితి. పని మానుకోవాలంటే ముందు పని ఉండాలి కదా అన్నది ఆఫీసు తర్కం. అందుకే, అనుమానం వస్తే, బ్రాంచి ఆఫీసు యజమానికి కాగితం పంపి, ఈ మనిషి ఈ తేదీల్లో పనికి రాలేదా, ఆ రోజులకు జీతం ఇచ్చారా అని అడుగుతుంది. జీతంతో కూడిన సెలవులో ఉన్న రోజులకు భృతి రాదు, ఆ నియమం సబబే. యజమాని "ఆమె ఫలానా తేదీన మానేసింది" అని జవాబిస్తే కౌంటరు అక్కడ ఆగిపోతుంది. నా అభిప్రాయంలో ఇది నిర్వచనాన్ని ఇరుకుగా చదవడం. రాజీనామా చేసిన మనిషి కూడా పని చేసుకునే మనిషే. ఆరు వారాల పాటు ఏ పనీ చేయలేని స్థితి ఆమెకూ ఉంటుంది. కానీ అనారోగ్యంలో ఉన్న మనిషిని ఈ వాదన చేసుకోమనడం అన్యాయం. రాజీనామాకు ముందే డిస్పెన్సరీ డాక్టరు చీటీ తీసుకుంటే ఈ వాదనే అవసరం ఉండదు. ప్రైవేటు డాక్టరు కాగితం ఒక్కటే చాలదు. డబ్బు కదలాలంటే ఈఎస్ఐ డాక్టరు సంతకం ఉండాలి.

ఇంకో ఇబ్బంది ఉంది. భృతి తీసుకుంటున్నంత కాలం ఈఎస్ఐ వైద్యంలోనే ఉండాలి, డాక్టరు అనుమతి లేకుండా వైద్యం జరుగుతున్న ప్రాంతం వదిలి వెళ్లకూడదు, అడిగినప్పుడు పరీక్షకు రావాలి. మన తెలుగు ఇళ్లలో మనసు బాగోలేకపోతే మొదట చెప్పే మందు "నాలుగు రోజులు ఊరొచ్చి ఉండు" అన్నదే. హైదరాబాదు నాచారంలో పనిచేసే పిల్ల శ్రీకాకుళం జిల్లాలోని అమ్మ దగ్గరికి వెళ్లి పడుకుంటే ఆ విశ్రాంతే ఆమెకు అడ్డమవుతుంది. బస్సెక్కే ముందు డాక్టరు దగ్గర అనుమతి రాయించుకోవాలని చాలామందికి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అసలు బాధ దగ్గరికి వస్తాను. 91 రోజుల్లో తగ్గని జబ్బులు ఉంటాయి. వాటికి పొడిగించిన భృతి ఉంది. కూలిలో 80 శాతం, రెండేళ్ల దాకా. దానికి రెండేళ్ల ఉద్యోగం, నాలుగు చందా కాలాల్లో కలిపి 156 రోజుల చందా ఉండాలి. 34 దీర్ఘకాలిక జబ్బుల జాబితా ఉంది. క్షయ, క్యాన్సర్, పక్షవాతం లాంటివి అందులో ఉన్నాయి. మానసిక జబ్బుల కింద స్కిజోఫ్రీనియా, మానిక్ డిప్రెసివ్ సైకోసిస్, మతిమరుపు జబ్బుతో పాటు "ఎండోజీనస్ డిప్రెషన్" అని ఉంది. ఆ విశేషణం చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. ఎండోజీనస్ అంటే లోపలి నుంచి, బయటి కారణమేదీ కనబడకుండా పుట్టినది. పాతకాలపు మనోవైద్యం డిప్రెషన్‌ను రెండుగా విడదీసేది. లోపలి నుంచి వచ్చేది ఒకటి, బయటి దెబ్బకు వచ్చేది మరొకటి. ఇప్పటి వైద్యం ఆ గీతను దాదాపు వదిలేసింది. జాబితా మాత్రం ఆ గీత దగ్గరే నిలబడి ఉంది. అంటే కారణం లేకుండా కుంగిపోయినవాడికి రెండేళ్ల భృతి దొరుకుతుంది. టార్గెట్ల కింద నలిగి కుంగిపోయినవాడు, తన జబ్బు పని వల్లే వచ్చిందని నిజం చెప్పినవాడు, ఆ మాటతోనే జాబితా బయట పడిపోవచ్చు. ఏ డాక్టరైనా రోగి మేలు కోరి జాబితాలోని మాటే రాస్తే అది ఆ డాక్టరు దయ. జీతంలోంచి చందా కట్టిన మనిషి ఆ దయ మీద ఆధారపడాల్సి రావడం నాకు బాధగా ఉంది.

పోనీ పని వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంటారా అంటే ఆ తలుపు కూడా మూసే ఉంది. వృత్తి వ్యాధుల పట్టికలో సీసం విషం ఉంది, సిలికోసిస్ ఉంది, రేడియేషన్ వల్ల వచ్చే జబ్బులున్నాయి. మనసుకు వచ్చేదేదీ లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో మానసిక రుగ్మతలకు చోటిచ్చింది. జపానులో 2011 నుంచి మానసిక రుగ్మతను పని వల్ల వచ్చినదిగా గుర్తించడానికి ప్రత్యేక కొలమానాలున్నాయి. నెలలో 160 గంటల అదనపు పని అన్నది అందులో ఒక కొలత. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం బర్నౌట్‌ను జబ్బుగా కాక వృత్తి సంబంధమైన స్థితిగానే తన వర్గీకరణలో పెట్టింది. కాబట్టి చీటీ మీద "ఒత్తిడి" అనో "బర్నౌట్" అనో రాయిస్తే అది ఎక్కడా చెల్లదు. నిద్రలేమి, ఆందోళన రుగ్మత, డిప్రెషన్, ఏది ఉంటే దాని పేరు చీటీ మీద ఉండాలి. డాక్టరుతో మాట్లాడేటప్పుడు మేనేజరు చేసిన అవమానాల కంటే ముందు మన నిద్ర, తిండి, వణుకు, చావు ఆలోచనలు చెప్పుకోవాలి. ఆ ఆలోచనలు ఉంటే భృతి సంగతి తర్వాత, ముందు ఆస్పత్రి.

హైదరాబాదు మెట్రోలో ఎర్రగడ్డ, ఈఎస్ఐ ఆస్పత్రి పక్కపక్క స్టేషన్లు. ఒకటి మానసిక వైద్యశాల ఉన్న పేట, మరొకటి కార్మికుల ఆస్పత్రి. ఆ రెండింటి మధ్య దూరం రైల్లో రెండు నిమిషాలే అయినా మన మాటల్లో చాలా ఉంది. "ఎర్రగడ్డకు పంపాలి" అన్నది హైదరాబాదులో తిట్టు. విశాఖలో చినవాల్తేరు పేరుకీ అదే గతి పట్టింది. అందుకే చాలామంది ఇలాంటి జబ్బుకు నడుం నొప్పి అనో టైఫాయిడ్ అనో చీటీ తెచ్చుకుంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ చీటీతో వచ్చే సెలవు పది రోజులే. మూడో వారంలో మళ్లీ అదే కుర్చీలో కూర్చోవాలి, అప్పటికి నిజం చెప్పే దారి కూడా పోతుంది.

జబ్బులో ఉన్నప్పుడు ఉద్యోగం తీసేయొచ్చా? ఈఎస్ఐ చట్టం 73వ సెక్షను ఒప్పుకోదు. భృతి తీసుకుంటున్న కాలంలో, ధ్రువీకరించిన జబ్బుతో పనికి రాని కాలంలో యజమాని తొలగించకూడదు, శిక్షించకూడదు. ఆ కాలంలో ఇచ్చిన నోటీసు చెల్లదు. వినడానికి గట్టి కవచంలా ఉంటుంది. కానీ 1964లో బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు కేసులో సుప్రీంకోర్టు ఆ కవచానికి ఒక హద్దు గీసింది. సెలవుపై వెళ్లి, గడువు దాటినా తిరిగి రాని కార్మికుడు తర్వాత జబ్బు చీటీ చూపించాడు. అనుమతి లేకుండా ఇన్ని రోజులు రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందన్న స్టాండింగ్ ఆర్డరును మిల్లు ఎత్తిచూపింది. అలా పోయిన ఉద్యోగాన్ని 73వ సెక్షను కాపాడదని కోర్టు తేల్చింది. ఆ తీర్పు నుంచి ఈనాటి ఉద్యోగి నేర్చుకోవాల్సింది ఒకటుంది. చీటీ సంచిలో పెట్టుకుని ఊరుకుంటే చాలదు. అది అదే రోజు యజమానికి చేరాలి, చేరినట్టు రుజువు ఉండాలి. ఒక మెయిల్, ఒక వాట్సాప్ మెసేజ్, వీలైతే రిజిస్టర్ పోస్టు. చెప్పకుండా ఆగిపోయిన ప్రతి రోజూ "పని వదిలి వెళ్లిపోయాడు" అని రాసుకోవడానికి కంపెనీకి దొరికే రోజు.

ఇంతవరకూ 21,000 లోపు జీతాల మాట. దానికి పైన ఉన్నవాళ్ల సంగతి ఇంకా దీనం. మాదాపూర్, గచ్చిబౌలిలో లక్ష జీతం తీసుకునే కుర్రాడికి కంపెనీ ఇచ్చిన గ్రూపు ఇన్సూరెన్సు ఆస్పత్రి బిల్లు కడుతుంది. పోయిన జీతం కట్టదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక మానసిక జబ్బునూ శరీర జబ్బుతో సమానంగా బీమాలో చేర్చాల్సిందే. అయితే చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే పనిచేస్తాయి. వారం వారం డాక్టరును కలవడానికి, కౌన్సెలింగుకు డబ్బు రాదు. మిగిలేది కంపెనీ ఇచ్చే సిక్ లీవ్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల దుకాణాలు, సంస్థల చట్టం 1988 ఏడాదికి 12 రోజుల జీతంతో కూడిన జబ్బు సెలవు ఇమ్మంటుంది. ఆ తర్వాతంతా ఎల్‌ఓపీ, జీతం లేని సెలవు. ఐటీ సంస్థలకు అదే చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. జబ్బు సెలవు లెక్కలు చూసుకునేవాళ్లు తమ ఆఫర్ లెటరు, హెచ్‌ఆర్ పాలసీ రెండూ పక్కన పెట్టుకుని చదవాలి.

అక్కడ మనుషులను పట్టి ఉంచేది నోటీసు పీరియడ్. 90 రోజులు. రోజూ వణుకుతూ వెళ్లే చోటికి ఇంకా మూడు నెలలు వెళ్లమంటే జబ్బు పడిన మనిషికి అది జైలు శిక్షే. "నోటీసులో సిక్ లీవ్ పెడితే అన్ని రోజులు నోటీసు పొడిగిస్తాం" అంటారు. "రిలీవింగ్ లెటర్ ఇవ్వం" అంటారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. మన దేశంలో ఏ కోర్టూ మనిషిని బలవంతంగా పని చేయించదు. వ్యక్తిగత సేవల ఒప్పందాన్ని అమలు చేయమని ఆదేశించలేమని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం చెబుతుంది. నోటీసు పని చేయకపోతే కంపెనీ అడగగలిగేది డబ్బే, మహా అయితే మిగిలిన నోటీసు జీతం. డాక్టరు చీటీతో, మర్యాదైన భాషలో, వైద్య కారణాలపై నోటీసు తగ్గించమని రాసి అడిగితే ఒప్పుకున్న కంపెనీలు ఉన్నాయి. మాటలతో అడిగితే మాటలతోనే కాదంటారు.

మానేశాక నిరుద్యోగ భృతి ఉంటుందిగా అనుకునేవాళ్లకు ఈఎస్ఐలో రెండు పథకాలున్నాయి. 2018 జూలైలో మొదలై దశలవారీగా పొడిగిస్తూ వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 90 రోజుల దాకా సగం కూలి ఇస్తుంది, జీవితంలో ఒకే ఒక్కసారి. తానుగా స్వచ్ఛంద విరమణ తీసుకున్నవాళ్లకు వర్తించదు. 2005 నాటి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఫ్యాక్టరీ మూతపడితేనో, రిట్రెంచ్‌మెంట్ అయితేనో, 40 శాతం శాశ్వత వైకల్యం వస్తేనో పనిచేస్తుంది. తొక్కేస్తుంటే తప్పించుకుని బయటికి వచ్చినవాళ్లు రెండింటికీ బయటే.

కొన్ని డబ్బులు మాత్రం జబ్బు కారణం రాసి ఉంటే నిజంగా కలిసొస్తాయి, వీటి గురించి ఎవరూ చెప్పరు. గ్రాట్యుటీకి మామూలుగా అయిదేళ్ల సర్వీసు కావాలి. జబ్బు వల్ల, అంతకుముందు చేయగలిగిన పని చేయలేని స్థితి వచ్చి ఉద్యోగం ముగిస్తే ఆ అయిదేళ్ల షరతు లేదు. పీఎఫ్‌లో అయిదేళ్ల లోపు డబ్బు తీస్తే పన్ను పడుతుంది. అనారోగ్యం వల్ల ఉద్యోగం ముగిస్తే ఆ పన్ను నుంచి మినహాయింపు ఉంది. ఈ రెండూ దక్కాలంటే రాజీనామా లేఖలో "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాయకూడదు. మనవాళ్లు నూటికి తొంభై మంది అదే రాస్తారు, మంచిగా పోవాలని. "వైద్య కారణాల వల్ల, డాక్టరు ధ్రువపత్రం జతపరిచాను" అన్న వాక్యం రాయడంలో ఎవరినీ తిట్టడమూ లేదు, ఎవరి పరువూ పోదు.

ప్రభుత్వ ఉద్యోగుల దారి వేరు. సగం జీతపు సెలవును డాక్టరు ధ్రువపత్రంతో పూర్తి జీతపు సెలవుగా మార్చుకునే వీలు వాళ్లకుంది. సర్వీసులో వైకల్యం వస్తే తీసేయకూడదని, వేరే పనిలో పెట్టాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతుంది. తెలంగాణ ఆర్టీసీలో రంగులు గుర్తించలేని లోపం ఉందని 2016లో ఇంటికి పంపించిన ఒక డ్రైవరుకు తగిన పని ఇవ్వాలని, పోయిన జీతంలో 25 శాతం చెల్లించాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తొమ్మిదేళ్లు పట్టింది. మనసు జబ్బు విషయంలో కూడా 2021లో ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో, ఆ జబ్బు ప్రవర్తనకు ఒక కారణమైనప్పుడు దాన్ని పట్టించుకోకుండా శాఖాపరమైన చర్య తీసుకోవడం వివక్ష అని సుప్రీంకోర్టు అంది. సింగరేణిలో పరిస్థితి ఇంకో రకం. అక్కడ "అన్‌ఫిట్ అయ్యాడు" అంటే జాలిపడే మాటే కాదు, ఇంట్లో కొడుకుకు ఉద్యోగం వచ్చే మాట కూడా. వారసత్వ ఉద్యోగాలను 2017లో హైకోర్టు కొట్టేశాక, 2018లో వైద్యపరంగా అనర్హులైన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాల దారి తెరిచారు. భూగర్భంలో పాతికేళ్లు దుమ్ము మింగిన మనిషి కొత్తగూడెంలో మెడికల్ బోర్డు ముందు నిలబడి తన జబ్బును రుజువు చేసుకోవాల్సిన ఆ తంతు చూస్తే, జబ్బుకు విలువ కట్టే బాధ్యతను మనం ఎప్పుడూ రోగి మీదే పెట్టామని అనిపిస్తుంది.

మన పిల్లలు వెళ్లిన దేశాల్లో ఇదే ప్రశ్నకు వేరువేరు జవాబులున్నాయి. జర్మనీ జవాబు నాకు నచ్చింది. అక్కడ మొదటి ఆరు వారాలు యజమాని పూర్తి జీతం ఇస్తాడు. తర్వాత బీమా సంస్థ స్థూల జీతంలో 70 శాతం ఇస్తుంది, ఆ ఆరు వారాలతో కలిపి మూడేళ్లలో 78 వారాల దాకా. ఉద్యోగం ముగిసే ముందే జబ్బు ధ్రువమై ఉంటే ఆ డబ్బు ఉద్యోగం పోయాక కూడా ఆగదు. తానుగా మానేసినవాడికి నిరుద్యోగ భృతిలో 12 వారాల కోత ఉంటుంది. కానీ ఆరోగ్యం చెడుతోంది, మానేయమని డాక్టరే సలహా రాసిచ్చి ఉంటే ఆ కోత పడదు. మనిషి జబ్బు వల్ల మానేస్తాడని ఆ చట్టం ముందే ఊహించింది. బ్రిటన్‌లో జబ్బు జీతం 28 వారాల దాకా ఇస్తారు, 2025-26లో వారానికి 118.75 పౌండ్లు. కానీ ఉద్యోగంతో పాటే అదీ ఆగిపోతుంది. కేర్ హోముల్లో స్పాన్సర్ వీసా మీద పనిచేసే తెలుగు నర్సులకు, కేర్ వర్కర్లకు అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. మానేస్తే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజులే ఉంటాయి. అమెరికాలో హెచ్-1బీ వాళ్లదీ అదే 60 రోజుల లెక్క. అక్కడ సమాఖ్య చట్టం ఇచ్చేది 12 వారాల జీతం లేని సెలవు మాత్రమే, అదీ కనీసం 50 మంది ఉన్న సంస్థల్లో ఏడాది పనిచేసినవాళ్లకు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు వేరుగా భృతి ఇస్తాయి. వీసా మీద ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే. సెలవులో ఉన్నా ఉద్యోగం ఉన్నట్టే, రాజీనామా చేస్తే మాత్రం గడియారం మొదలవుతుంది. అందుకే ముందు సెలవు అడగండి.

మన దగ్గర ఏం మారాలో నాకు స్పష్టంగానే ఉంది. ఆ జాబితాలోని "ఎండోజీనస్" అన్న ఒక్క మాట తీసేయాలి. వైద్య కారణాలతో మానేసినవాళ్లకు, వాళ్లు కట్టిన చందా తాలూకు బెనిఫిట్ కాలం ముగిసేదాకా భృతి దక్కుతుందని, యజమాని జవాబుతో సంబంధం లేదని ఒక సర్క్యులర్ రావాలి. 2017 నుంచి 21,000 దగ్గరే ఆగిపోయిన జీతం పరిమితి పెంచాలి. ఈ మూడింటిలో మొదటి రెండింటికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

మా అక్క కూతురు మందులు వాడుతోంది. ఇప్పుడు రాత్రి ఆరు గంటలు నిద్రపోతోంది. పోయిన వారం మేమిద్దరం మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లాం, ఈసారి డిస్పెన్సరీ డాక్టరు చీటీతో, ఏ చందా కాలంలో ఎన్ని రోజులు కట్టిందో రాసిన కాగితంతో, నిర్వచనంలోని "అయి ఉండిన" అన్న మాట కింద గీత గీసిన అర్జీతో. అదే మనిషి కౌంటరులో ఉన్నాడు. అర్జీ అంతా చదివాడు, రెండోసారి చదివాడు. "ఇది పైకి పంపిస్తానమ్మా" అని ముద్ర వేసి రసీదు ఇచ్చాడు.